స్వభావమనుటకు ముందు

లోకములో మిక్కిలి సులభమైన పనులలో పరుల మనస్సును గూర్చి తీర్పు చెప్పుట యొకటి. "ఆడుపిల్లలకు లెక్కలు రావు", "మగపిల్లలకు ఓర్పు లేదు", "స్త్రీలది పిఱికి స్వభావము", "పురుషులది కఠినహృదయము" అను మాటలు వినని దినము మనకు లేదు. వీనిని పలుకువారు దుష్టులు గారు. పిల్లలను ప్రాణముగా జూచుకొను తల్లిదండ్రులును, వారి మేలు గోరు ఉపాధ్యాయులును, తుదకు పిల్లలే తమను గూర్చి తామును ఇట్లు పలుకుచుందురు. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు" అను సామెత మనలో నెఱుగనివారు లేరు. సామెత చిన్నదే గాని దాని శాసనము పెద్దది. ఆడుదానికి నవ్వును, మగవానికి కన్నీటిని అది యొక్క వాక్యముతో నిషేధించినది. ఆ శాసనమునకు లోబడి పెరిగిన బాలిక నవ్వక, బాలుడు ఏడ్వక యున్నచో, "చూచితిరా, వారి స్వభావమే యట్టిది" అని మరల మనమే చెప్పుకొనుచున్నాము.

ఈ వ్యాసమున నేను చదువరులకు విన్నవింపదలచినది ఒక్క విషయమే. ఒక గుణమును స్త్రీ స్వభావమనియో పురుష స్వభావమనియో నిర్ణయించుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. ఎవరిని పరీక్షించిరి? ఏ పరిస్థితులలో నున్నవారిని పరీక్షించిరి? పరీక్షించినవారు ముందుగనే యేమి నమ్మియుండిరి? మనస్తత్త్వశాస్త్రమున స్త్రీవాదులని పేరొందిన పండితురాండ్రును, ఆ పేరు పుట్టకమునుపే వారి త్రోవ నడచిన పండితురాండ్రును నూఱు సంవత్సరములకు మించి అడుగుచు వచ్చినవి ఈ ప్రశ్నలే. వారి శ్రమ మన బడికిని మన యిండ్లకును మిక్కిలి పనికివచ్చునది.

అమెరికా దేశమున బోస్టను నగరమందు ఎడ్వర్డ్ క్లార్క్ అను వైద్యుడుండెను. అతడు 1873 లో స్త్రీవిద్యను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, యౌవనమున బాలికలు బాలురవలె కష్టించి చదివినచో వారి దేహారోగ్యము చెడుననియు, మాతృత్వమునకు హాని కలుగుననియు వాదించెను. అతడు తార్కాణముగ జూపినది తనయొద్దకు వైద్యమునకు వచ్చిన కొలదిమంది బాలికల కథలు మాత్రమే. చదివియు ఆరోగ్యముగ నున్న బాలికలు వైద్యునియొద్దకు రారు గదా! ఈ చిన్న సంగతి ఆనాడు పెక్కురకు తట్టలేదు. గ్రంథము ముద్రణపై ముద్రణ పొందెను. కుమార్తెలను కళాశాలకు పంపవలెనా వలదా యని తల్లిదండ్రులు తటపటాయించిరి.

అదే కాలమున మఱియొక సిద్ధాంతము ప్రబలియుండెను. పురుషులలో మహామేధావులును ఎక్కువ, మందబుద్ధులును ఎక్కువ. స్త్రీలందఱును నడిమి తరగతికి జెందినవారే. కావున గొప్ప శాస్త్రజ్ఞులును, కవులును, రాజ్యతంత్రజ్ఞులును స్త్రీలలో నుండి రారు, అని దాని సారాంశము. పండితులే దీనిని నమ్మి పలికినందున, స్త్రీలను ఉన్నతవిద్యకు యోగ్యులను జేయుట వృథాశ్రమయను భావము బలపడెను.

ఈ మాటలను తిట్టి ఊరకుండిన స్త్రీలు పలువురుండవచ్చును. కాని కొలిచి చూచినవారు కొందఱు గలరు. షికాగో విశ్వవిద్యాలయమున హెలెన్ థామ్సన్ అను విద్యార్థిని 25 మంది పురుషులను, 25 మంది స్త్రీలను తీసికొని, చూపు, వినికిడి, స్పర్శ, చేతివేగము, జ్ఞాపకశక్తి, యోచన మొదలగువానిని ఒకే విధమైన పరీక్షలచే కొలిచెను. ఆమె గ్రంథము 1903 లో వెలువడెను. కొన్నింట పురుషులు, కొన్నింట స్త్రీలు కొంచెము మిన్నగా నుండిరి. కాని మొత్తముమీద భేదములు మిక్కిలి స్వల్పములు. ఉన్న భేదములకు సయితము, పసితనమునుండి బాలబాలికలను వేర్వేఱుగ పెంచుటయే చాలవఱకు కారణము కావచ్చునని ఆమె వ్రాసెను.

అనంతరము లీటా హాలింగ్‌వర్త్ వచ్చెను. ఈమె 1886 లో నెబ్రాస్కా రాష్ట్రమున జన్మించి, అచ్చట హైస్కూలు ఉపాధ్యాయినిగ పనిచేసి, 1908 లో న్యూయార్కు నగరమునకు వచ్చి వివాహమాడెను. ఆ నగరపు పాఠశాలలలో వివాహితలకు ఉద్యోగమీయని ఆచారము అప్పుడుండెను. చదువుకొన్న ఉపాధ్యాయిని ఇంటిపనితో కాలము గడపవలసివచ్చెను. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి మనస్తత్త్వశాస్త్రము నభ్యసించి, మందబుద్ధులని అనుమానింపబడినవారిని పరీక్షించు నగర సంస్థలో పని సంపాదించెను.

అచ్చట 1,000 మంది పరీక్షాపత్రములను ఆమె శోధించెను. లెక్కకు పురుషులే ఎక్కువ. సిద్ధాంతము నిజమైనట్లే తోచును. కాని ఆమె అచ్చట నాగక, వారి వయస్సులను చూచెను. మగవారు చిన్నతనముననే ఆ సంస్థకు తేబడుచుండిరి. స్త్రీలు మఱింత వయస్సు వచ్చిన పిమ్మటనే వచ్చుచుండిరి. కారణమేమి? బాలుడు బయటకు బోయి పని సంపాదింపవలసినవాడు. వాని లోపము త్వరలోనే లోకమునకు తెలియును. బాలికయో, అంట్లు తోముచు, బిడ్డల నెత్తుకొనుచు ఇంటిలోనే యుండును. ఆ పనులు జరుగుచున్నంతకాలము ఆమె బుద్ధిబలమును విచారించువారే లేరు. కావున సంస్థలోని సంఖ్య స్త్రీపురుషుల బుద్ధిని కొలుచుటలేదు. సంఘము ఎవరిని ఎచ్చట నుంచినదో దానినే కొలుచుచున్నది.

ఇంతటితో ఆమె తృప్తినొందలేదు. సంఘము ఇంకను తాకని మానవులను పరీక్షింపవలెనని తలచి, హెలెన్ మాంటేగ్ అను సహచరితో గూడి, న్యూయార్కులోని యొక ఆసుపత్రిలో జన్మించిన 1,000 మంది మగశిశువుల యొక్కయు, 1,000 మంది ఆడుశిశువుల యొక్కయు బరువును కొలతలను లెక్కించి 1914 లో ప్రకటించెను. మగశిశువులు సగటున కొంచెము పెద్దవారు. కాని సగటునుండి ఇటునటు వ్యాపించుటలో మగశిశువులకు ఆధిక్యమేమియు కానరాలేదు. నడిమి తరగతి అను మాట పుట్టుకలో వ్రాయబడియుండలేదని తేలెను.

స్త్రీలకు మాసమాసమునకు కలుగు శరీరధర్మమువలన ఆ దినములలో బుద్ధి మందగించుననియు, కావున బాధ్యతగల పనులకు వారు తగరనియు అప్పటి వైద్యగ్రంథములు వ్రాయుచుండెను. హాలింగ్‌వర్త్ కొందఱు స్త్రీలను అనేక వారములపాటు ప్రతిదినము పరీక్షించెను. చేతి నిలుకడ, టైపుకొట్టు వేగము, రంగులపేర్లు చెప్పుట, వ్యతిరేకపదములు చెప్పుట మొదలగునవి ఆ పరీక్షలు. ఆ దినములలో శక్తి తగ్గినట్లు ఆధారము లభింపలేదు. ఇదియు 1914 లోనే అచ్చుపడెను. 1916 లో ఆమె డాక్టరు పట్టమందెను. ఆమె గురువైన ఎడ్వర్డ్ థారన్‌డైక్ స్వయముగ ఆ నడిమి తరగతి సిద్ధాంతమును నమ్మినవాడే. అయినను శిష్యురాలి పరిశోధనకు అడ్డుపడలేదు. తనతో ఏకీభవింపని విద్యార్థిని కొలిచిచూచుటకు అనుమతించు గురువు ఏ కాలమునందైనను స్తుతిపాత్రుడే.

అందఱికి అట్టి యదృష్టము లేదు. మేరీ కాల్కిన్స్ అను విదుషీమణి హార్వర్డులో డాక్టరు పట్టమునకు వలసిన చదువంతయు ముగించి, 1895 లో పరీక్షయందు తన గురువుల ప్రశంస నందెను. స్త్రీయను కారణముచే విశ్వవిద్యాలయము పట్టమీయ నిరాకరించెను. తరువాత స్త్రీల కళాశాల పేరిట పట్టమిత్తుమనగా ఆమె స్వీకరింపలేదు. ఆ పట్టము లేకయే 1905 లో అమెరికా మనస్తత్త్వశాస్త్ర సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. ఆ పదవి నందిన మొదటి స్త్రీ యామెయే. తలుపు మూసి, "లోపలికి వచ్చినవారిలో స్త్రీలు లేరు గదా, కావున వారికి శక్తి లేదు" అనుట ఎంత సబబో చదువరులే యోచింతురు గాక.

ఇవి పాతకాలపు కథలని కొట్టివేయరాదు. 1968 లో నేయోమీ వైస్టీన్ అను మనస్తత్త్వ పండితురాలు, స్త్రీ యెట్టిదో తన శాస్త్రమునకు తెలియదని నిర్మొగమాటముగ వ్రాసెను. మనుష్యుడు తన చుట్టునున్నవారు తననుండి యేమి ఆశింతురో దానికి దగినట్లు ప్రవర్తించును; ఆ పరిసరములను విచారింపక లోనున్న స్వభావమును మాత్రమే వెదకుట వ్యర్థమని ఆమె వాదము. 1979 లో రోడా అంగర్ అను నామె, పుట్టుకతో వచ్చిన శరీరభేదమును ఒక పేరుతోను, ఆ భేదముపై సంఘము కట్టిన నడతలను వేఱొక పేరుతోను పిలువవలెనని సూచించెను. ఈ రెండవదానినే నేడు జెండరు అనుచున్నారు. విత్తనము వేఱు, దానికి మనము వేసిన పందిరి వేఱు. పందిరి వంకరను జూచి విత్తనమును నిందింపరాదు.

ఈ పందిరి ఎంత తొందరగ వేయబడునో తెలుపు పరిశోధన యొకటి 1976 లో ప్రకటింపబడెను. తొమ్మిది మాసముల శిశువు ఆటవస్తువులను చూచుచున్న చలనచిత్రమొకటి పెద్దవారికి చూపబడెను. అందు పెట్టె మూత తెఱచుకొని ఒక బొమ్మ దిగ్గున పైకెగయగా శిశువు ఉలికిపడి యేడ్చును. ఆ బిడ్డ మగపిల్లవాడని చెప్పబడినవారు దానిని కోపమనిరి. అదే బిడ్డ ఆడుపిల్లయని చెప్పబడినవారు భయమనిరి. ఏడుపు ఒక్కటే, బిడ్డ యొక్కటే. మాఱినది చూచువారి నమ్మకము మాత్రమే. కోపగించిన బిడ్డకు ఒక విధమైన సమాధానమిత్తుము. భయపడిన బిడ్డను వేఱొక విధముగ ఎత్తుకొందుము. ఇట్లు వేలకొలది మారులు జరిగిన పిమ్మట ఒకరు కోపిష్ఠి, ఒకరు పిఱికి యగుటలో వింత యేమున్నది?

స్త్రీవాదులందఱు ఒకే మాట చెప్పుదురని తలంపరాదు. ధర్మాధర్మ విచారణ పిల్లలలో ఎట్లు పెరుగునో నిరూపింపగోరి లారెన్స్ కోల్‌బర్గ్ అను పండితుడు 84 మంది బాలురను అనేక సంవత్సరములు పరిశీలించి మెట్లుగల యొక క్రమమును కట్టెను. బాలురనుండియే నిర్మించిన ఈ కొలబద్దతో బాలికలను కొలుచుట న్యాయమా యని కెరొల్ గిలిగన్ 1982 లో ప్రశ్నించెను. స్త్రీలు హక్కులకంటె పరస్పర బాధ్యతను, సంరక్షణను ముందుంచి ధర్మమును యోచింతురనియు, అది తక్కువ మెట్టు గాదు, వేఱొక స్వరమనియు ఆమె యన్నది. ఆ మాట పెక్కు స్త్రీలకు ఊరట కలిగించెను. కాని 1984 లో లారెన్స్ వాకర్ అనేక పరిశోధనలను సమీకరించి చూడగా, ధర్మవిచారణలో స్త్రీపురుషులకు భేదము మిక్కిలి యల్పమని తేలెను. కావున గిలిగన్ అడిగిన ప్రశ్న నిలిచినది. ఆమె యిచ్చిన సమాధానము అంత దృఢముగ నిలువలేదు. మనకు ప్రియమైన మాటను సయితము మనము ద్వేషించు మాటతో సమముగ పరీక్షించుటయే నిజమైన న్యాయము.

2005 లో జానెట్ హైడ్ అను పండితురాలు, స్త్రీపురుష భేదములపై అంతవఱకు వెలువడిన 46 సంకలన పరిశోధనలను ఒక్కచో జేర్చి చూచెను. వానిలో లెక్కింపబడిన భేదములలో నూటికి 78 అల్పములో, శూన్యమునకు దాపులో నుండెను. భేదములే లేవని ఆమె యనలేదు. బంతిని దూరముగను వేగముగను విసరుటలో భేదము పెద్దది. దేహబలముతో దౌర్జన్యము చేయుటలో నడితరము. ఒక ఆకారమును మనస్సులో త్రిప్పి చూచు శక్తియందును కొంత భేదము కలదు. అయితే ఇట్టి శక్తి అభ్యాసముచే స్త్రీపురుషులిరువురయందును వృద్ధియగునని 2013 లో ప్రకటింపబడిన 217 పరిశోధనల సమీక్ష తెలుపుచున్నది. ఇక గణితము మాటకు వత్తము. హైడును ఆమె సహచరులును అమెరికాలో పది రాష్ట్రములకు జెందిన 70 లక్షలకు పైబడిన విద్యార్థుల గణిత పరీక్షలను, 2 వ తరగతి మొదలు 11 వ తరగతి వఱకు పరిశీలించి, బాలబాలికల సగటులలో చెప్పదగిన భేదము లేదని 2008 లో ప్రకటించిరి.

ఇచ్చట ఒకరు ఇట్లాక్షేపింపవచ్చును: "నీవే కొన్ని భేదములు గలవని యొప్పుకొంటివి. ఉన్నదానిని బట్టి పిల్లలను నడిపించిన తప్పేమి?" దీనికి సమాధానము లెక్కల పుస్తకమునందే కలదు. ఒక తరగతిలో బాలుర సగటు 54 మార్కులు, బాలికల సగటు 52 మార్కులు అనుకొందము. అందుచేత ప్రతి బాలుడు ప్రతి బాలికకంటె మిన్న యగునా? బాలికలలో 90 వచ్చినవారుందురు. బాలురలో 20 వచ్చినవారుందురు. సగటు తరగతికి చెందినది. బల్లపై కూర్చున్న బిడ్డకు చెందినది కాదు. ఆ బిడ్డ యెట్టిదో తెలియవలెనన్న ఆ బిడ్డనే చూడవలెను. మఱియొక విషయము. రెండు మార్కుల భేదము పుట్టుకవలన వచ్చినదని చెప్పుటకు ముందు, ఆ రెండు మార్కుల చదువుకాలమున ఆ బాలిక నీళ్లు మోయుచుండెనా, తమ్ముని ఆడించుచుండెనా యని విచారింపవలదా?

ఈ వాదము పరదేశపు దిగుమతి యని కొందఱందురు. వారు మన భండారు అచ్చమాంబగారిని మఱచినవారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పిన 1874 లోనే, కృష్ణా మండలమున ఈమె జన్మించెను. బడికి బోయి చదువు నేర్చుకొను భాగ్యము ఈమెకు లేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ప్రోత్సాహమున, ఇంటనే అక్షరములు దిద్దుకొని భాషలు నేర్చి, 1901 నాటికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించెను. స్త్రీలు బుద్ధియందు తక్కువవారను మాటను ఖండించుట ఆ గ్రంథముయొక్క ఉద్దేశములలో నొకటి. అందులకై ఆమె మన దేశమునందలి స్త్రీల చరిత్రములను ప్రోగుచేసి తార్కాణములుగ నిలిపెను. 1905 లోనే ఆమె గతించెను. షికాగోలో థామ్సన్ కొలతలతో జేసిన పనిని, అదే కాలమున అచ్చమాంబగారు చరిత్రతో జేసిరి. ఒకరి నొకరు ఎఱుగని యీ యిద్దఱు స్త్రీలు అడిగినది ఒకే ప్రశ్న: అవకాశమీయక ముందే అసమర్థత యెట్లు తెలిసినది?

తల్లిదండ్రులారా, పదవ తరగతి ముగియగనే ఏ గ్రూపు తీసికొనవలెనను చర్చ మీ యిండ్లలో జరుగును. ఆనాడు "ఆడుపిల్లకు లెక్కలెందుకు, ఏదైన తేలికది చూడుము" అనుట యొక్క నిమిషపు పని. దాని ఫలము ఆ బిడ్డ నలువది యేండ్లు అనుభవించును. బిడ్డ మార్కులు చూడుడు, ఇష్టమును అడుగుడు, ఇంటిపని అన్నకును చెల్లెలికిని సమముగ పంచియుంటిమా యని విచారింపుడు. ఇవన్నియు జేసిన పిమ్మట మీకు తోచిన సలహా నిశ్చయముగ నీయుడు. కొడుకు ఏడ్చినప్పుడు "ఆడుదానివలె నేడ్తువా" యని వెక్కిరింపకుడు. ఆ యొక్క మాటతో కొడుకును, పక్కనే నిలిచి వినుచున్న కూతును గూడ అవమానించినవారగుదురు. దుఃఖమును చెప్పుకొన నేర్వని బాలుడు దానిని దాచుకొనును, లేదా కోపముగ మార్చి బలహీనులపై చూపును.

ఉపాధ్యాయులారా, కఠినమైన ప్రశ్నను బాలుర వరుసకు, సులభమైనదానిని బాలికల వరుసకు వేయుచున్నామా యని ఒక్క వారము లెక్కవ్రాసి చూడుడు. బాలిక తప్పుచేసిన "దానికి రాదు" అనియు, బాలుడు తప్పుచేసిన "వాడు శ్రద్ధపెట్టలేదు" అనియు మన నోట వచ్చుచున్నచో, మనమును ఆ చలనచిత్రమును చూచినవారితో సమానులమే.

విద్యార్థినీ విద్యార్థులారా, మిమ్మును గూర్చి యెవరేమి చెప్పినను మర్యాదతో వినుడు. కాని వినినదెల్ల మీ స్వభావమని ఒప్పుకొనకుడు. లెక్క రానిచో, "నాకు రాదు" అనుటకు బదులు "నాకింకను రాలేదు" అని, మరల చేయుడు. మీ తోడివారి నవ్వును, కన్నీటిని, మౌనమును చూచి వెంటనే పేరు పెట్టక, ఏమి జరిగినదని అడుగుడు. హాలింగ్‌వర్త్ వేయిమంది పత్రములలో వయస్సుల వరుసను చూచునంతవఱకు అచ్చటి సంఖ్యలు అబద్ధమునే పలుకుచుండెను. మన బడిలోను, మన యిండ్లలోను ఇంకను ఎవరును చూడని వరుసలెన్ని కలవో వెదకుట మన పని.